బాబు వైజాగ్‌లో పుట్టాడు, నాన్నది బ్రిటిష్ పాస్‌పోర్ట్, నాది ఇండియన్. ఇప్పుడేం చేయాలి?

సంపెంగపువ్వు

అందరికీ నమస్తే. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

డెలివరీకని ఏడో నెలలో యూకేలోని రీడింగ్ ఊరి నుంచి వైజాగ్ వచ్చేశాను. అమ్మావాళ్లది ఎంవీపీ కాలనీ. బాబు పుట్టి మూడు నెలలు దాటింది. మా ఆయన పుట్టింది గుంటూరులో, ఉద్యోగం మీద యూకే వెళ్లి అక్కడే ఉండిపోయారు, పోయినేడు సిటిజన్‌షిప్ తీసుకుని బ్రిటిష్ పాస్‌పోర్ట్ కూడా తెచ్చుకున్నారు. నేను స్పౌస్ వీసా మీద ఉన్నాను, నా పాస్‌పోర్ట్ ఇండియనే. ఆయన బారసాలకి వచ్చి పది రోజులుండి వెళ్లిపోయారు, మళ్లీ అన్నప్రాశనకి వస్తారు. ఆ వచ్చినప్పుడే ముగ్గురం కలిసి వెళ్లిపోదామని మా ప్లాన్.

ఇక్కడ ద్వారకానగర్‌లో ఒక ఏజెంట్‌ని అడిగితే, బాబుకి ముందు ఇండియన్ పాస్‌పోర్ట్ తీసేద్దాం, దాని మీద యూకే డిపెండెంట్ వీసా వేయిద్దాం, అంతా కలిపి నలభై అయిదు వేలు ఇవ్వండి, మీరు ఇంట్లో కూర్చోండి చాలు అన్నాడు. మా ఆయనేమో వాడు పుట్టుకతోనే బ్రిటిష్, వీసా ఎందుకు అంటారు. మా నాన్నగారేమో వైజాగ్‌లో పుట్టినవాడు బ్రిటిష్ ఎలా అవుతాడమ్మా అని నవ్వుతున్నారు. ముగ్గురివీ మూడు మాటలు, మధ్యలో నాకు టెన్షన్.

ఎవరైనా ఇక్కడి నుంచి పిల్లలకి బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. ఏ కాగితాలు కావాలి, ఎన్నాళ్లు పడుతుంది, మా ఆయన ఇక్కడ ఉండాలా?

మర్రిపాలెం_కుర్రోడు

అక్కా, ఏజెంట్ చెప్పిందే కరెక్ట్. మా అన్నయ్య కూతురికి అలాగే చేశాం. మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు మా ఇంటి దగ్గరే, ఇండియన్ పాస్‌పోర్ట్ తొందరగానే వచ్చేసింది, తర్వాత డిపెండెంట్ వీసా వేశారు, పాప వెళ్లిపోయింది. కాకపోతే నలభై అయిదు వేలు ఎక్కువ, బేరం ఆడండి.

లీడ్స్_లలిత

తమ్ముడూ, ఒక్క నిమిషం ఆగు. మీ అన్నయ్య అప్పటికి వర్క్ వీసా మీద ఉన్నారా, బ్రిటిష్ సిటిజన్ అయ్యారా? వర్క్ వీసా మీద ఉంటే ఆ పాప ఇండియనే, డిపెండెంట్ వీసాయే దారి. ఇక్కడ విషయం వేరు.

సంపెంగ గారూ, పాస్‌పోర్ట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ ఆయన బ్రిటిష్ ఎలా అయ్యారన్నది తేలాలి. అక్కడ ఉండి, అప్లై చేసి, సెరెమనీలో ప్రమాణం చేసి నేచురలైజ్ అయినవాళ్లకి బయటి దేశంలో బిడ్డ పుడితే ఆ బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్. ఎవరూ ఇవ్వక్కర్లేదు, పాస్‌పోర్ట్ అనేది దానికి రుజువు కాగితం మాత్రమే. అదే మీ ఆయన కూడా ఇండియాలో ఒక బ్రిటిష్ తండ్రికి పుట్టి ఆ వరసలో బ్రిటిష్ అయ్యుంటే, మళ్లీ ఇండియాలో పుట్టిన మీ బాబుకి అది దానంతట అది రాదు. యూకే బయట పుట్టినవాళ్లకి మామూలుగా ఒక్క తరమే దాటుతుంది. గుంటూరులో పుట్టి ఉద్యోగానికి వెళ్లారన్నారు కాబట్టి మొదటి రకమే అనుకుంటున్నాను.

ఇంకొకటి, సెరెమనీ తారీఖు ఎప్పుడు, బాబు పుట్టింది ఎప్పుడు? అప్రూవల్ లెటర్ వచ్చిన రోజు కాదు నేను అడిగేది, ప్రమాణం చేసిన రోజు. మా బంధువుల్లో ఒకాయనకి లెటర్ వచ్చేసింది, సెరెమనీకి ఇంకా తొమ్మిది రోజులుందనగా విజయనగరంలో పాప పుట్టింది. ఆ తొమ్మిది రోజుల వల్ల పాప పుట్టేసరికి తండ్రి ఇంకా ఇండియనే. పాపకి పాస్‌పోర్ట్ దారి మూసుకుపోయి, వేరేగా వీసా మీద తీసుకెళ్లి అక్కడ రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు, ఖర్చూ కాలమూ రెండూ.

సంపెంగపువ్వు

లలితక్కా, థాంక్యూ. ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. నేచురలైజేషనే. సెరెమనీ పోయినేడు ఫిబ్రవరిలో అయింది, బాబు పుట్టింది ఈ ఏడు. మధ్యలో ఏడాది పైనే ఉంది, హమ్మయ్య.

మర్రిపాలెం_కుర్రోడు

అవునండీ, అన్నయ్యకి అప్పటికి పీఆర్, అదే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి కూడా రాలేదు. నేను రెండూ కలిపేశాను. సారీ అక్కా.

లీడ్స్_లలిత

అయితే మీ ఆయన చెప్పిందే నిజం, మీ నాన్నగారికి చెప్పండి, మనవడు సింహాద్రి అప్పన్న సన్నిధిలో పుట్టినా బ్రిటిషే అని. మామూలుగా అయితే ఇండియా చట్టం ప్రకారం ఇండియన్ కూడా, ఎందుకంటే తల్లి ఇండియన్, తండ్రి సక్రమంగా వచ్చిపోయే మనిషి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఏజెంట్ దారి ఎందుకు కుదరదంటే, బ్రిటిష్ పౌరుడికి యూకే వాళ్లు డిపెండెంట్ వీసా ఇవ్వరు. సొంతింటికి వెళ్లడానికి గేట్‌పాస్ అడిగినట్టు ఉంటుంది. ఫీజు కట్టి, రిజెక్ట్ అయ్యాక ఏజెంట్ నా చేతిలో ఏముందండీ అంటాడు. బాబుని ఇండియన్‌గానే ఉంచాలనుకుంటే ఇండియన్ పాస్‌పోర్ట్ తీసి, దానికి సర్టిఫికెట్ ఆఫ్ ఎంటైటిల్‌మెంట్ అని ఒకటి తీసుకోవచ్చు, ఇతనికి యూకేలో ఉండే హక్కు ఉంది అని చెప్పే పత్రం. కానీ దాని ఫీజు అయిదు వందల పౌండ్ల పైమాటే, పాస్‌పోర్ట్ ఫీజుకి ఎన్నో రెట్లు. రెండు పాస్‌పోర్టులూ తీసి జేబులో పెట్టుకుందామంటే మాత్రం ఇండియా ఒప్పుకోదు, ద్వంద్వ పౌరసత్వం మనకి లేదు. అందుకని దరఖాస్తు పెట్టే ముందే ఏ దేశం పాస్‌పోర్ట్ అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. మర్రిపాలెంలో ఒకసారి ఇండియన్ పాస్‌పోర్ట్ తీశాక మళ్లీ బ్రిటిష్ తీస్తే, మొదటిది సరెండర్ చేయడం అదో తంతు.

మేమైతే బ్రిటిష్ తీసుకుని తర్వాత ఓసీఐ చేయించాం, అంటే విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న మనవాళ్లకి ఇండియా ఇచ్చే జీవితకాల వీసాలాంటి కార్డు. మీరు అక్కడే కాపురం ఉంటారు కాబట్టి నేనైతే అదే చెప్తాను.

ఇక కాగితాలు. గవ్ డాట్ యూకే సైట్‌లోనే అప్లై చేయండి, గూగుల్‌లో పైన కనిపించే అలాంటి పేర్ల సైట్లు డబ్బులు గుంజుతాయి. పదహారేళ్ల లోపు పిల్లల మొదటి పాస్‌పోర్ట్ అని పెట్టి, బాబు ఉన్న దేశం ఇండియా అని పెడితే, మీరిచ్చే జవాబుల్ని బట్టి మీకు ఏవేం కావాలో లిస్ట్ వస్తుంది. మా చెల్లెలికి వచ్చిన లిస్టూ నాకు వచ్చిన లిస్టూ ఒకటి కాదు. మాకు అడిగినవి: బాబు బర్త్ సర్టిఫికెట్, మా పెళ్లి సర్టిఫికెట్, మా ఆయన నేచురలైజేషన్ సర్టిఫికెట్, ఇంకా నా ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ప్రతి పేజీ కలర్ జిరాక్స్. ప్రతి పేజీ అంటే ఖాళీ పేజీలు కూడా. ఖాళీ పేజీ జిరాక్స్ ఎందుకమ్మా అని షాపతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

జిరాక్సులు చెల్లేది ఇలాంటి చోట మాత్రమే. సర్టిఫికెట్లన్నీ ఒరిజినల్సే ఇవ్వాలి. లామినేషన్ మాత్రం చేయించకండి. మనవాళ్లకి కాగితం చేతికి రాగానే లామినేషన్ చేయిస్తే గానీ నిద్రపట్టదు, కానీ వాళ్లు లామినేట్ చేసినవి తీసుకోరు, ఆ కాగితం మొదటి నుంచీ అలాగే ఇచ్చేదైతే తప్ప. మీ నాన్నగారు ఆల్రెడీ చేయించేసి ఉంటే జీవీఎంసీ (వైజాగ్ కార్పొరేషన్) నుంచి ఇంకో కాపీ తీసుకోండి.

సంపెంగపువ్వు

అక్కా!! నాన్న నిజంగానే చేయించేశారు. బర్త్ సర్టిఫికెట్ వచ్చిన రోజే. ఇప్పుడు వెళ్లి అడిగితే, పాడవకూడదనే కదమ్మా అంటున్నారు. ఇంకో కాపీ తెస్తానని బయల్దేరారు.

పేరు గురించి ఒక డౌట్. సర్టిఫికెట్‌లో బాబు పేరు ఒక్కటే ఉంది, ఇంటిపేరు లేదు. నాన్న పేరు దగ్గర పొడి అక్షరాలు వేసి చివర పేరు రాశారు. నా పేరు దగ్గర అత్తింటి ఇంటిపేరు పడింది, నా పాస్‌పోర్ట్‌లో పుట్టింటిదే ఉంది. ఫర్వాలేదా?

కంచరపాలెం_లెక్చరర్

తల్లీ, కాపీ తెచ్చే ముందు పేరే సరిచేయించు, నాన్నగారు బయల్దేరి ఉంటే ఫోన్ చేసి వెనక్కి పిలువు. మనవాళ్ల బ్రిటిష్ పాస్‌పోర్టులు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గరే. నేను ముప్ఫై ఏళ్లు కాలేజీలో పనిచేశాను, పై చదువులకి, ఉద్యోగాలకి వెళ్లిన మా పిల్లల కాగితాలు చూసీ చూసీ చెప్తున్నా.

మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, అది కూడా ఒక్క అక్షరం. వాళ్ల ఫారంలో ఒక గడి ఇంటిపేరుకి, ఇంకో గడి పెట్టిన పేరుకి. నీ భర్త పాస్‌పోర్ట్‌లో వెంకట సత్య సూర్యనారాయణ అని పూర్తిగా ఉండి, బాబు సర్టిఫికెట్‌లో వి.ఎస్. సూర్యనారాయణ అని ఉంటే, మనకి చూడగానే ఒకరే అని తెలుస్తుంది, యూకేలో డర్హమ్ పాస్‌పోర్ట్ ఆఫీసులో కూర్చున్న ఆఫీసర్‌కి తెలియాల్సిన అవసరం లేదు, ఆయనకి వాళ్లిద్దరూ వేరు మనుషులు. బిడ్డకి హక్కు వచ్చేదే తండ్రి నుంచి కాబట్టి తండ్రి పేరు అక్షరం పొల్లు పోకుండా ఆయన బ్రిటిష్ పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలా ఉండాలి. నీ పేరు నీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు. పెళ్లయ్యాక ఆసుపత్రిలో ఎవరో అడిగితే మీ అమ్మ అత్తింటిపేరు చెప్పేసి ఉంటుంది, అక్కడ రాసిందే జీవీఎంసీకి వెళ్లింది.

బాబు పేరు కూడా పూర్తిగా, ఇంటిపేరు అక్షరాలా విడమరిచి రాయించు. తర్వాత స్కూల్లో, ఓసీఐలో, అన్నింటిలోనూ ఈ సర్టిఫికెట్‌లో ఉన్న పేరే నడుస్తుంది. యూకే పాస్‌పోర్ట్ వాళ్ల నియమం కూడా ఒక మనిషికి ఒకే పేరు. వేరే దేశం పాస్‌పోర్ట్‌లో ఇంకో రకంగా ఉంటే ముందు అది మార్చుకుని రమ్మంటారు. సర్టిఫికెట్‌లో పేరు రాయని పిల్లలకి ఏడాదిలోపు పేరు చేర్చడానికి రుసుం ఉండదు, తర్వాత లేట్ ఫీజు. నీది ఉన్న పేరు సరిచేయడం కాబట్టి ఆసుపత్రి రికార్డు, మీ ఇద్దరి పాస్‌పోర్ట్ కాపీలు, పెళ్లి సర్టిఫికెట్ పట్టుకెళ్లమను. కొంచెం తిప్పుతారు. తిరిగితే పని అవుతుంది.

ఇంకో సంగతి. ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, స్కానింగ్ రిపోర్టులు, టీకాల కార్డు పారేయకు. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఒక్కోసారి అదనంగా ఆధారాలు అడుగుతారు, అప్పుడు వెతుక్కోకూడదు.

గాజువాక_గణేష్

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. మా అమ్మాయిది పేరు దగ్గరే రెండు నెలలు ఆగింది.

కౌంటర్‌సైన్ గురించి ఎవరూ చెప్పలేదు. పిల్లల మొదటి పాస్‌పోర్ట్‌కి బయటివాళ్లు ఒకరు, ఈ ఫొటోలో ఉన్నది ఫలానా బాబే, తల్లిని నాకు తెలుసు అని ధ్రువీకరించాలి. అప్లై చేసే పెద్దవాళ్లని కనీసం రెండేళ్లుగా తెలిసి ఉండాలి. రక్తసంబంధం, పెళ్లి సంబంధం ఉండకూడదు, ఒకే ఇంట్లో ఉండకూడదు. కాబట్టి మీ పెదనాన్న, మేనమామ, బావగారు కట్. ఏదైనా మంచి ఉద్యోగం చేస్తున్నవాళ్లు గానీ చేసి రిటైరైనవాళ్లు గానీ అవ్వాలి: టీచర్, లెక్చరర్, బ్యాంక్ ఆఫీసర్, లాయర్, సీఏ, నేవీ ఆఫీసర్, అలాంటివి. బయటి దేశం నుంచి అప్లై చేసేటప్పుడు కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు చేయొచ్చు, ఇండియా అందులో ఉంది కాబట్టి మన పాస్‌పోర్ట్ చాలు, కానీ గడువు ఉండాలి. ఆ ఒక్క మాట దగ్గర నేను బుక్కయ్యాను. మా పక్కింటాయన స్టీల్‌ప్లాంట్‌లో పెద్ద ఇంజనీర్, ఇరవై ఏళ్ల పరిచయం, సంతోషంగా ఒప్పుకున్నారు, తీరా చూస్తే ఆయన పాస్‌పోర్ట్ నాలుగేళ్ల కిందటే అయిపోయింది, ఆయనకే తెలీదు. ముందు ఎక్స్‌పైరీ డేట్ అడగండి, తర్వాత టీ ఇవ్వండి.

మీకు డెలివరీ చేసిన డాక్టర్‌గారిని అడుగుదామనుకుంటారేమో, వైద్యం చేసిన పరిచయం సరిపోదు, స్నేహితురాలిగా బాగా తెలిసి ఉంటే తప్ప. ఆన్‌లైన్‌లో వాళ్ల ఈమెయిల్ ఇస్తే వాళ్లకి లింక్ వెళ్తుంది, అక్కడే చేస్తారు. స్పామ్‌లో పడుతుంది, చూసుకోమనండి.

ఫొటో. స్టూడియోకి వెళ్తే జాగ్రత్త. జగదాంబ దగ్గర ఒకతను మా పాపని ఫొటోషాప్‌లో నాలుగు షేడ్లు తెల్లగా చేసి, బుగ్గ మీద పుట్టుమచ్చ కూడా తీసేసి, బోనస్‌గా ఫ్రీగా ఇచ్చానండీ అన్నాడు. మార్పులు చేసిన ఫొటో చెల్లదు. మేం ఇంట్లోనే మంచం మీద తెల్ల దుప్పటి వేసి పడుకోబెట్టి, కిటికీ వెలుతురులో ఫోన్‌తో తీశాం, అది ఓకే అయింది. నెలలోపు తీసిందై ఉండాలి, కనీసం 600 పిక్సెల్స్ వెడల్పు, 750 ఎత్తు. ఏడాదిలోపు పిల్లలకి కళ్లు తెరిచి ఉండక్కర్లేదు, తల కింద చెయ్యి పెట్టి పట్టుకోవచ్చు కానీ ఆ చెయ్యి ఫొటోలో కనిపించకూడదు. బొమ్మ, పాలపీక ఉండకూడదు. దిష్టిచుక్క తుడిచేయండి, నుదుటి మీద అంత బొట్టు కాటుక పెట్టి తీసి, తర్వాత రిజెక్ట్ అవుతుందేమోనని రాత్రంతా నిద్రపోలేదు మా ఆవిడ. ఫొటో అయ్యాక మళ్లీ పెట్టుకోండి, ఎవరొద్దన్నారు.

మర్రిపాలెం_కుర్రోడు

ఫీజు ఎంత గణేష్ అన్నా? టైం?

గాజువాక_గణేష్

2025 ఏప్రిల్‌లో పెంచినప్పుడు బయటి దేశం నుంచి ఆన్‌లైన్‌లో పిల్లలకి 70 పౌండ్లు, పెద్దవాళ్లకి 108 అయింది. కొరియర్ ఛార్జీ అదనం. ఈ మధ్య ఏప్రిల్ వస్తే పెంచేస్తున్నారు, కాబట్టి కట్టేరోజు సైట్‌లో చూసుకోండి. కార్డుతో కట్టాలి, మీ ఆయన అక్కడి నుంచి కట్టేస్తే సుఖం.

మాకు కాగితాలు ఇచ్చిన దగ్గర్నుంచి పదకొండు వారాలు, అందులో పేరు గొడవ కలిసే ఉంది. కాగితాలు ఎక్కడ ఇవ్వాలో ఫారం చివర చెప్తుంది, మాకు హైదరాబాద్ వచ్చింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి పొద్దున దిగి, పని చూసుకుని మళ్లీ సాయంత్రం గోదావరికే తిరిగొచ్చేశాం. ఇక్కడ హైకమిషన్‌లో ప్రింట్ చేసి ఇస్తారనుకుంటారు చాలామంది, కాదు. పాస్‌పోర్ట్ తయారయ్యేది యూకేలోనే. హైదరాబాద్‌లో బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ ఉంది కానీ వాళ్లని అడిగితే మా పని కాదంటారు, నిజంగానే వాళ్ల పని కాదు.

ముఖ్యంగా, పాస్‌పోర్ట్ చేతికి రాకుండా టికెట్ కొనకండి. మేం కొన్నాం. ఎంత పోయిందో మా ఆవిడ ముందు చెప్పలేను.

లీడ్స్_లలిత

గణేష్ గారూ, పాస్‌పోర్ట్ వచ్చాక ఇండియా నుంచి బయటికి ఎలా తీసుకొచ్చారో కూడా చెప్పండి, జనం మర్చిపోయేది అదే.

గాజువాక_గణేష్

అవునండోయ్. బ్రిటిష్ పాస్‌పోర్ట్ వచ్చింది కదా అని బ్యాగులు సర్దుకుని ఎయిర్‌పోర్ట్‌కి పోతే ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆపేస్తారు. ఎందుకంటే ఆ పాస్‌పోర్ట్‌లో ఇండియన్ వీసా లేదు, లోపలికి వచ్చిన ముద్ర లేదు. పసివాడు ఆకాశం నుంచి ఊడిపడ్డాడా అని అడుగుతారు. ఇ-ఎఫ్ఆర్ఆర్ఓ అని ఇండియాలో ఉన్న విదేశీయుల కోసం ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, అందులో బాబు పేరు మీద అకౌంట్ తెరిచి, ఇక్కడ పుట్టిన బిడ్డ అని బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, తల్లిదండ్రుల కాగితాలు పెట్టి ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. అది వచ్చాకే ప్రయాణం. ఓసీఐ మేం అక్కడికి వెళ్లాక అప్లై చేశాం. తల్లి ఇండియన్ కాబట్టి మీ బాబుకి ఓసీఐకి అర్హత ఉంటుంది, అందులో సందేహం లేదు.

నా అభిప్రాయం, అన్నప్రాశనకి ప్రయాణం పెట్టుకోకండి. అన్నప్రాశన ఇక్కడ శుభ్రంగా చేసుకోండి, మీ ఆయన వచ్చినప్పుడు నేచురలైజేషన్ సర్టిఫికెట్ ఒరిజినల్ చేత్తో పట్టుకు రమ్మనండి. అది కొరియర్‌లో పంపడం నాకైతే గుండె దడ. ఈలోపు మీరు పేరు సరిచేయించుకోవడానికి టైం సరిగ్గా సరిపోతుంది.

బీచ్‌రోడ్_వాకింగ్

పిల్లల సంగతి మీరంతా చెప్పేశారు, నా ముసలి డౌట్ ఒకటి ఇక్కడే అడిగేస్తాను, కొత్తగా ఇంకొకటి తెరవడం ఎందుకని. నాకు అరవై ఎనిమిది. లెస్టర్‌లో ముప్ఫై ఏళ్లు చేసి ఇప్పుడు లాసన్స్ బేలో ఉంటున్నాను, బ్రిటిష్ పాస్‌పోర్ట్, ఓసీఐ. నా పాస్‌పోర్ట్ ఇంకో అయిదు నెలల్లో అయిపోతుంది. పోయినసారి రెన్యూ చేసినప్పుడు మిగిలిన నెలలు కొత్తదాంట్లో కలిపారు. ఇప్పుడు కూడా కలుపుతారా, లేక పూర్తిగా అయిపోయేదాకా వాడుకుని అప్పుడు పెట్టనా?

లీడ్స్_లలిత

బాబాయ్ గారూ, ఆ కలపడం 2018 సెప్టెంబర్‌లో ఆపేశారు. ఇప్పుడు కొత్తది సరిగ్గా పదేళ్లే. మిగిలిన అయిదు నెలలు పోతాయి, పోతే పోనివ్వండి, అయిపోయేదాకా ఆగితే మధ్యలో ఏదైనా అర్జెంటుగా ప్రయాణం పడితే ఇబ్బంది. పెద్దవాళ్ల రెన్యువల్ పిల్లలంత తలనొప్పి కాదు. ఆన్‌లైన్ ఫారం, ఫొటో, పాత పాస్‌పోర్ట్. మీ ముఖం పాత ఫొటోలో పోల్చుకోగలిగేలా ఉంటే కౌంటర్‌సైన్ కూడా అక్కర్లేదు. కళ్లజోడు తీసేసి ఫొటో దిగండి. మీ పాతది ఎర్రదై ఉంటుంది, 2020 నుంచి నీలం రంగు ఇస్తున్నారు, అది చూసి దొంగదేమో అనుకోకండి.

పాత పాస్‌పోర్ట్ మూల కత్తిరించి వెనక్కి పంపిస్తారు, పారేయకండి. ఓసీఐ మళ్లీ చేయించక్కర్లేదు. 2021లో రూల్ మార్చారు, ఇరవై ఏళ్ల వయసులోపు ఓసీఐ తీసుకున్నవాళ్లు ఇరవై దాటాక ఒకసారి మార్చుకోవాలి, అంతే. యాభై దాటాక తీసుకున్న కొత్త పాస్‌పోర్ట్ కాపీ, ఫొటో ఒకసారి ఓసీఐ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి, దానికి ఫీజు లేదు, పాస్‌పోర్ట్ వచ్చిన మూడు నెలల్లోపు చేసేయండి. ఓసీఐతో పాటు పాత పాస్‌పోర్ట్ మోసుకు తిరగాల్సిన పని కూడా ఇప్పుడు లేదు.

బీచ్‌రోడ్_వాకింగ్

బతికించావమ్మా. మా వాకింగ్ ఫ్రెండ్ ఒకాయన సీనియర్ సిటిజన్లకి ఫ్రీ అన్నాడు, అందుకే ఇన్నాళ్లూ వివరం కోసం ఆగాను.

లీడ్స్_లలిత

ఫ్రీయే, 1929 సెప్టెంబర్ 2న గానీ అంతకుముందు గానీ పుట్టినవాళ్లకి. మీరు ఇంకా కుర్రాళ్లు.

కంచరపాలెం_లెక్చరర్

సంపెంగా, ఇంకో మాట, ఇప్పుడు కాదు, తర్వాత పనికొస్తుంది. పిల్లల పాస్‌పోర్ట్ అయిదేళ్లకే ఇస్తారు. పదహారు నిండాక పెద్దవాళ్లది తీసుకునేటప్పుడు దాన్ని రెన్యువల్ అనరు, మొదటి అడల్ట్ పాస్‌పోర్ట్ కింద మళ్లీ కొత్తగా చూస్తారు. కాబట్టి ఈ కాగితాల ఫైలు జాగ్రత్తగా దాచు. లామినేషన్ లేకుండా.

సంపెంగపువ్వు

అందరికీ చాలా చాలా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, మూడు వారాలు ఇదే పనిలో ఉన్నాం.

నాన్న జీవీఎంసీకి నాలుగుసార్లు తిరిగారు. మొదటిసారి ఆసుపత్రి లెటర్ కావాలన్నారు, రెండోసారి లెటర్‌లో స్పెల్లింగ్ తప్పు. నిన్న కొత్త సర్టిఫికెట్ వచ్చింది, బాబు పేరు ఇంటిపేరుతో సహా, మా ఆయన పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు నాలుగు ముక్కలూ, నాది పుట్టింటిపేరుతో. చేతిలో పెట్టేముందు నాన్న ఒకటికి రెండుసార్లు, ఇది లామినేషన్‌కి ఇవ్వకూడదు కదమ్మా అని అడిగారు.

కౌంటర్‌సైన్‌కి నా డిగ్రీ ఇంగ్లిష్ మేడమ్ ఒప్పుకున్నారు. పాస్‌పోర్ట్ 2031 వరకు ఉందని ఫొటో తీసి పంపించాకే టీ ఇచ్చాను గణేష్ గారూ. ఏజెంట్ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

ఫొటో ఇంకా అవ్వలేదు. పదిహేడు తీశాం. పన్నెండింటిలో మా అమ్మ వేళ్లు కనిపిస్తున్నాయి, మిగతావాటిలో వాడు నోట్లో చెయ్యి పెట్టుకున్నాడు. ఒకటి మాత్రం చాలా బాగా వచ్చింది, కళ్లు మూసుకుని నిద్రపోతున్నాడు, నోరు మూసే ఉంది, వెనక తెల్ల దుప్పటి, నీడ లేదు. అది పెట్టేయనా?

గాజువాక_గణేష్

పెట్టేయండి. ఏడాదిలోపు కళ్లు మూసుకున్నా ఓకే. దిష్టిచుక్క చూశారా?

సంపెంగపువ్వు

అయ్యో. ఎడమ చెంప మీద ఉంది. మళ్లీ తీస్తాను.